పాలకు చివరి రేటు

కొట్టు తెరిచిన రోజున గుండీలమ్మ చేతిలో ఉన్న సరుకు ఇంతే: మూతపడిన చొక్కాల ఫ్యాక్టరీ దగ్గర తూకానికి కొన్న మూటెడు గుండీలు, ఒక మొండి కత్తెర, ఎంతటివాడినైనా మాటల్లో పడెయ్యగల నోరు, ఒళ్లో పాలు తాగే కొడుకు. గుండీలు లాభం తెచ్చాయి. కత్తెర సానపట్టించాక దారికొచ్చింది. నోటికి సాన అక్కర్లేకపోయింది. కొడుకు ఒక్కడే నష్టం బేరం. సరిగ్గా గిరాకీ వచ్చి నిలబడ్డప్పుడే వాడికి ఆకలి గుర్తొచ్చేది. ఒక చేత్తో వాణ్ని అదిమి పట్టుకుని, రెండో చేత్తో గుండీలు లెక్కపెడుతూ, మధ్యలో లెక్క తప్పితే "ఒరేయ్, నువ్వు తాగిన పాలకంటే నువ్వు తాగిన లెక్కలే ఎక్కువరా" అని తిట్టేది. కొనేవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వినవాడు గట్టిగా బేరం ఆడలేడు. అలా చూస్తే వాడూ కాస్తో కూస్తో లాభమే తెచ్చాడని తర్వాత తర్వాత ఒప్పుకుంది.

ఇప్పుడా కొట్టు పైకప్పున్న బజారు సందులో నట్టనడుమ ఉంది. నేల నుంచి కప్పు దాకా చిన్న చిన్న డబ్బాలు, ప్రతి డబ్బా ముఖాన లోపలున్న గుండీ ఒకటి దారంతో కట్టి ఉంటుంది. జిప్పులు, హుక్కులు, ఎలాస్టిక్కు, లైనింగ్ తానులు, కాలర్లో పెట్టే బిరుసు కాన్వాసు, ఒక్క బట్ట తప్ప బట్టకు కావలసినవన్నీ అక్కడున్నాయి. చుట్టుపక్కల టైలర్లు ఎటు తిరిగినా చివరికి ఆ బల్ల ముందుకే రావాలి. గుడ్డముక్క చూపిస్తే చాలు, వెలుతురులోకి పట్టుకెళ్లి చూడకుండానే దానికి నప్పే దారం తీసి బల్ల మీద పడేసేది. ఆ కంటికి సందు సందంతా దండం పెట్టేది.

ఆ సందుకో పద్ధతి ఉంది. ఎవరేం అడిగినా మొదట చెప్పే అంకె మర్యాద కోసం. రెండోది మాట కలపడం కోసం. మూడోది ధర. మొదటి అంకెనే నిజమనుకుని జేబులో చెయ్యి పెట్టేవాడు వెర్రివాడైనా అయ్యుండాలి, దొంగనోట్లవాడైనా అయ్యుండాలి. గుండీలమ్మ ఈ పద్ధతిని ఒంటికి పట్టించుకుంది. ఎవరైనా ఆమె వయసు అడిగినా ముందొక అంకె పారేసి, ఎదుటివాళ్ల మొహం చూసి, దాన్నిబట్టి సర్దుకునేది.

యాభై దాటాక ఒళ్లే ఆమెతో బేరానికి దిగింది. నెలసరి కొన్నాళ్లు వాయిదాలు వేసి, చివరికి చెప్పాపెట్టకుండా తలుపులు మూసేసింది. దాని వెనకే వేడి ఆవిర్లు. జనం స్వెట్టర్లు వేసుకునే రోజుల్లో ఈమె లైనింగ్ అంచుతో మెడ తుడుచుకునేది. నడుము దగ్గర కొత్త సరుకు దిగింది, ఎవరూ ఆర్డరు పెట్టలేదు. దాహం పెరిగింది. సందు చివర బాత్రూముకు రాకపోకలు పెరిగాయి. తిన్నాక కూర్చున్నచోటే కునుకు. వీటన్నిటినీ గుండీలమ్మ ఒకే పద్దు కింద వేసేసింది: ఆగిపోయే వయసు. అన్ని ఖర్చులూ ఒకే పద్దులో దూర్చే గుమాస్తాను వెంటనే పనిలోంచి తియ్యాలని ఆమెకు తెలుసు. కానీ ఇక్కడ గుమాస్తా, యజమాని ఒకరే అయ్యారు.

ఎదుటి కొట్టు లేడీస్ టైలరు మాత్రం ఊరుకోలేదు. కొత్త జాకెట్టు కొలతకు టేపు చుట్టి, రెండో కొస అందక ఆపసోపాలు పడుతూ అంది:

"అక్కా, నీ చుట్టూ తిరిగొచ్చేసరికి నాకు టీ వేళయింది."

"నీ టేపు తడిసి ముడుచుకుపోయింది. కొత్తది కొనుక్కో, నా దగ్గరే ఉన్నాయి."

"ముడుచుకుపోతే నీ ఒక్కదాని దగ్గరే ముడుచుకుపోతుందా? పొద్దున్న మా అత్తకి కొలిచాను, చక్కగా సాగింది."

"ఈ వయసులో అందరికీ ఇంతేనే. రేపు నీకూ వస్తుంది, అప్పుడు నేను నవ్వుతా."

"నవ్వుదువుగానిలే. ముందోసారి రక్తం చూపించుకో."

"రక్తం చూపించడానికి నేనేమైనా మాంసం కొట్టు పెట్టానా?"

టైలరు నవ్వి, కొలతకు ఓ నాలుగు వేళ్లు కలిపి రాసుకుంది. ఆ కలిపిన నాలుగు వేళ్లూ గుండీలమ్మ కంట పడ్డాయి. పడనట్టు ఊరుకుంది.

అసలు చిక్కు మూలకొట్టు దగ్గర వచ్చింది. సందు పెద్ద రోడ్డులో కలిసేచోట గడియారాల తాత కొట్టు ఉంది. రెండు వైపులా ముఖం, రెండు రోడ్ల గిరాకీ. గుండీలమ్మ దాని మీద కన్నేసి పాతికేళ్లయింది. ముసలాయన చేతులు వణికి ఇక చాలనుకున్నాడు. "నీకే ఇస్తానమ్మాయ్, కానీ తొందరగా తేల్చు, చెప్పుల కొట్టువాడు నా గుమ్మం దగ్గరే కాపు కాస్తున్నాడు" అన్నాడు. బజారు సంఘం నియమం ప్రకారం ఒక మనిషి పేర రెండు కొట్లు ఉండకూడదు. రెండో సంతకం కావాలి. కొడుకు పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తూ ఊళ్లు తిరుగుతాడు, గుండీలంటే వాడికి చొక్కాకు ఉండేవి, అంతే. మిగిలింది కూతురు.

కూతురు ఆ కొట్లోనే పుట్టినంత పని. నడక రాకముందే హుక్కులు మింగబోయి దెబ్బలు తిన్న పిల్ల. ఇప్పుడు నాలుగు నెలల బిడ్డను వెంటేసుకుని వస్తుంది. వెనక లైనింగ్ తానుల చాటున కూర్చుని పాలిస్తుంది, పాలిస్తూనే బల్ల దగ్గర తల్లి చెప్పే ధరలను సరిదిద్దుతుంది. సంతకం మాట ఎత్తగానే అంది:

"పెడతాను. కానీ ముందు డాక్టరుకి చూపించుకుని, నీకేం లేదని చెప్పించుకురా."

"నాకేమయిందే?"

"నిన్న మధ్యాహ్నం జిప్పుల డబ్బా మీద తల పెట్టి నిద్రపోయావు. లేచేసరికి చెంప మీద జిప్పు పళ్ల అచ్చులు పడ్డాయి. కొనడానికొచ్చినాయన నీ చెంప చూసి సైజు చెప్పాడు."

"అలసట."

"రేపు నువ్వు మంచం ఎక్కితే రెండు కొట్లు, చంటివాడు, నువ్వు. నలుగుర్ని నేను ఒక్కదాన్నే మొయ్యాలి. నా వల్ల కాదమ్మా."

అప్పుడు గుండీలమ్మ తన దగ్గరున్న ఆఖరి ఆయుధం తీసింది. ఇంట్లో ఏ తగవుకైనా ఆమె తీసేది అదే.

"రెండేళ్లు పాలిచ్చి పెంచితే ఇదా నువ్వనే మాట? తల్లి పాలు తాగి రొమ్ము గుద్దడమంటే ఇదే."

ఆ రెండేళ్ల పాలు చాలా పనులు చేయించాయి. చిన్నప్పుడు కొట్టు ఊడిపించాయి. సెలవుల్లో డబ్బాలు తుడిపించాయి. పెళ్లయ్యాక కూడా వచ్చి బల్ల దగ్గర నిలబెట్టాయి. ఈసారి మాత్రం కూతురు బిడ్డను భుజానికెత్తుకుని, వీపు తడుతూ, "తాగానులే. డాక్టరు దగ్గరికి పో" అంది.

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు ఆ వారమే సంఘం హాల్లో ఆడవాళ్లకు ఉచిత పరీక్షలు పెట్టారు. ఉచితం అనేది గుండీలమ్మ బేరమాడకుండా ఒప్పుకునే ఒకే ఒక్క రేటు. వెళ్లింది. వయసులో ఉన్న డాక్టరమ్మ బల్ల మీద చెయ్యి ఆనించి అందరికీ చెబుతోంది:

"పాలివ్వడమంటే ఒంట్లో దాచుకున్న కొవ్వు, చక్కెర బిడ్డ కోసం ఖర్చు పెట్టడమమ్మా. ఎక్కువ కాలం పాలిచ్చినవాళ్లలో, నెలసరి ఆగే వయసు దాటాక షుగరు, బీపీ, నడుం దగ్గర కొవ్వు కొంత తక్కువగా కనిపిస్తున్నాయి. అందుకే ఆ పాత సంగతులు కూడా అడుగుతాం. సిగ్గుపడకుండా ఉన్నదున్నట్టు చెప్పండి."

ఆఖరి మాట గుండీలమ్మ చెవిదాకా రాలేదు. అంతకుముందు మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. ఎప్పుడో బిడ్డ నోట్లో వేసినదానికి ఇప్పుడు వడ్డీ వస్తుందన్నమాట! ఇంతకాలం ఎవరూ చెప్పలేదేం?

వరుసలో ఆమె వంతు వచ్చింది. నర్సు తలెత్తకుండా అడుగుతోంది.

"పిల్లలెందరు?"

"ఇద్దరు."

"కడుపుతో ఉన్నప్పుడు షుగరుందా?"

"అప్పట్లో ఎవరు చూశారమ్మా? బిడ్డ ఏడిస్తే బాగున్నట్టు లెక్క."

"పాలు ఎన్నాళ్లిచ్చారు?"

"రెండేళ్లు."

"ఇద్దరికీ కలిపా, ఒక్కొక్కరికా?"

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ ఎదుటివాళ్లు రెండు ధరలు చూపించినప్పుడు పెద్దది పట్టుకోవడం గుండీలమ్మకు రక్తంలో ఉంది.

"ఒక్కొక్కరికీ. ఒకడికిచ్చి ఒకదానికి ఎగ్గొడతానా?"

నర్సు రాసేసుకుంది. గుండీలమ్మ ఎదురుచూసింది. ఇప్పుడు నర్సు నవ్వాలి, "ఏం తల్లీ, మరీ అంతా?" అనాలి, ఈమె కాస్త దిగాలి, ఆమె ఇంకాస్త లాగాలి, అప్పుడు కదా ధర తేలేది. నర్సు పేజీ తిప్పింది.

"అంతేనా? ఇంకేమీ అనరా?"

"ఏమనాలమ్మా? ఇలా నిలబడండి, నడుం కొలవాలి. ఊపిరి వదలండి."

"వదిలితే మీ టేపు తెగిపోతుంది."

"వదలండమ్మా."

గుండీలమ్మ సగం వదిలింది.

రక్తం చూసే పట్టీలు ఆ రోజు తక్కువ వచ్చాయి. అందుకని జవాబులకు మార్కులు వేసి, గీత దాటినవాళ్లకే వేలు గుచ్చుతున్నారు. గుండీలమ్మ నాలుగేళ్ల పాల పుణ్యాన గీతకు కాస్త ఇవతల ఆగింది. పచ్చ చీటీ చేతిలో పెట్టి, వచ్చే ఏడాది రమ్మన్నారు. సూది పోటు తప్పింది, పైసా ఖర్చు కాలేదు. ఇంతకన్నా మంచి బేరం ఆ నెలలో చెయ్యలేదు.

చీటీ తెచ్చి కూతురి ముందు ఆడించింది.

"చూశావా? పచ్చ రంగు. రెండేళ్లు పాలిచ్చిన ఒళ్లు ఇది."

కూతురు చీటీ అటూ ఇటూ తిప్పి చూసింది. బిడ్డ రొమ్ము వదిలి గుర్రుగా చూశాడు.

"ఎలా ఇచ్చావమ్మా అన్నాళ్లు? కొట్టు చూసుకుంటూ? వీడితో నాకు నాలుగు నెలలకే వీపు వంగిపోయింది. చాలక ఏడుస్తాడు, ఎక్కువై బట్టలు తడుస్తాయి. నిన్ను తలుచుకుంటే సిగ్గేస్తుంది నాకు."

"మా రోజులు వేరు" అని గుండీలమ్మ డబ్బాలు సర్దే పని కల్పించుకుంది. గడియారాల తాతకు శుక్రవారం సంతకాలని కబురు పంపింది.

శుక్రవారం లోపలే కోట్ల టైలరు వచ్చాడు. మనిషి పాతకాలంవాడు, మాట సూదిలా ఉంటుంది. అరచేతిలో గుండీలు పరిచి చూపించాడు.

"ఏమ్మా గుండీలమ్మా, నల్లకోటుకి నల్లవి అడిగితే సగం నల్లవి, సగం నీలంవి ఇచ్చావు. ఆ కోటు వేసుకుని పెద్దమనిషి ఆఫీసుకెళితే, గుండీలు చూడ్డానికి జనం వరుస కట్టారట."

"నా కొట్లో అలాంటిది జరగదు. నీ కత్తెర దగ్గర కలిసిపోయుంటాయి."

"నా కత్తెర గుండీలు పెట్టదమ్మా."

ఆమె అరచేతిలోకి తీసుకుంది. కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. దూరంగా పెట్టి చూసింది. రెండూ ఒకటే రంగు. పైకి మాత్రం, "ఈ బల్బు దరిద్రపుది" అని కొత్త బల్బు పెట్టించింది. కొత్త వెలుతురులో నలుపూ నీలమూ ఇంకా చక్కగా కలిసిపోయాయి.

కూతురు అంతా చూస్తూనే ఉంది. కడుపుతో ఉన్నప్పుడు ఆమెకు షుగరు వచ్చింది. కాన్పయ్యాక తగ్గింది, కానీ ఇంట్లో చూసుకునే చిన్న మిషను ఇంకా ఉంది. మర్నాడు దాన్ని సంచీలో వేసుకొచ్చి, గిరాకీ లేని సమయం చూసి తల్లి చెయ్యి లాగింది.

"ఏమిటే ఇది? పచ్చ చీటీ ఉందిగా నాకు!"

"ఆ చీటీ రక్తం చూసి ఇచ్చింది కాదు. వేలు ఇటివ్వు."

గుచ్చింది. మిషను కాసేపు ఆలోచించి అంకె చూపించింది. కూతురు మొహం మారిపోయింది. గుండీలమ్మ తొంగి చూసింది.

"ఇంకోసారి చూడు."

"దేనికి?"

"మొదటి మాటే కదా చెప్పింది. ఇంకోసారి అడిగితే దిగుతుంది."

కూతురు ఇంకో వేలు గుచ్చింది. మిషను ఈసారి ఇంకొంచెం ఎక్కువ చెప్పింది. బేరమాడితే రేటు పెంచే వ్యాపారిని గుండీలమ్మ జీవితంలో మొదటిసారి చూసింది. మూడో వేలు ఇవ్వలేదు.

"సంతకం లేదు" అంది కూతురు. గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది. "చెప్పుల కొట్టువాడికి ఇచ్చేసుకోమను తాతని. లే, డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

ఆస్పత్రి గది చిన్నది. బల్ల, తూకం, గోడకు మనిషి లోపలి భాగాల బొమ్మ. డాక్టరమ్మ పాత వివరాలు తీసి చూసింది, మిషను అంకె చూసింది, మళ్లీ వివరాలు చూసింది.

"కొంచెం వింతగా ఉందమ్మా. ఇద్దరికీ రెండేసి ఏళ్లు పాలిచ్చారు. మీ ఇళ్లల్లో షుగరు లేదన్నారు. నడుం కూడా..." అని ఆగి గుండీలమ్మ నడుం వైపు చూసింది. "నడుం కొలత ఎవరు తీశారు?"

"నర్సమ్మ. పాపం ఆమె తప్పేం లేదు. నేనే ఊపిరి సగం దాచుకున్నాను."

"మరి పాలు?"

గుండీలమ్మ గోడ మీది బొమ్మను చూసింది. కాలేయం, పేగులు, అన్నీ బయటపెట్టుకుని నిలబడ్డ మనిషి. వాడికేం, వాడు కొట్టు నడపక్కర్లేదు.

"సరే, ఏడాదిన్నర వేసుకోండి."

"ఒక్కొక్కరికా?"

"ఇద్దరికీ కలిపి."

"అమ్మా!" అంది కూతురు.

డాక్టరమ్మ కలం బల్ల మీద పెట్టింది. ఆ సందు పద్ధతి ఆమెకు తెలియదు గానీ ఎదుటి మనిషి మెట్టు మెట్టుగా దిగుతోందని అర్థమైనట్టుంది.

"చివరి రేటు చెప్పండమ్మా. మందు దాన్నిబట్టి ఇవ్వను, మీ మాట నమ్మొచ్చా లేదా అన్నది దాన్నిబట్టి తెలుసుకుంటాను. రేపు మీరు మాత్ర వేసుకున్నానంటే నేను సగానికి తగ్గించి వినాలా?"

ఆ ప్రశ్న తగలాల్సినచోట తగిలింది. మాటకు విలువ లేని మనిషికి అరువు పుట్టదు. గుండీలమ్మ కూతురి వైపు చూడకుండా చెప్పింది.

"వాడికి ఏడు నెలలు. దీనికి పదిహేను రోజులు."

కూతురి ఒళ్లో చంటివాడు నోరు చప్పరించాడు.

"పదిహేను రోజులా!" కూతురు లేచి నిలబడింది. "పదిహేను రోజుల పాలకి ఇన్నేళ్లు నా చేత కొట్టు ఊడిపించావా? డబ్బాలు తుడిపించావా? కాలేజీ ఎగ్గొట్టించి పండగ గిరాకీకి నిలబెట్టావు, అదీ పాల మాట చెప్పేగా! మొన్న నిన్ను తలుచుకుని సిగ్గుపడ్డానమ్మా నేను. వీడికి చాలట్లేదని రోజూ ఏడుస్తున్నాను!"

"కూర్చోవే, బిడ్డ ఉలిక్కిపడతాడు."

"వీడు ఉలిక్కిపడడు. వీడికి నాలుగు నెలల పాలు లోపలున్నాయి!"

డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి కాయితాలు సర్దుకుంది. తర్వాత ఇద్దరికీ కలిపి చెప్పింది. పాలిచ్చిన కాలం లెక్కలో ఒక పద్దే గానీ మొత్తం లెక్క అదే కాదు. రెండేళ్లిచ్చినవాళ్లకీ షుగరు వస్తుంది, అసలు ఇవ్వనివాళ్లకీ రాకపోవచ్చు. నెలసరి ఆగాక ఒంట్లో హార్మోన్లు తగ్గుతాయి, తొడల దగ్గరుండే కొవ్వు నడుముకు చేరుతుంది, తిన్న చక్కెర రక్తంలోనే నిలబడిపోతుంది. దాహం, కునుకు, చూపు మసకలు దానివే. ఆవిర్లు మాత్రం వయసువి.

"ఆ రోజు మాకు పట్టీలు తక్కువయ్యాయి. మీ వయసుకి ఏమీ అడక్కుండానే రక్తం చూడాల్సింది. అది నా తప్పు. నాలుగేళ్లు అన్నది మీ తప్పు."

"సగం సగం చేసుకుందాం" అంది గుండీలమ్మ.

"చూపు తిరిగొస్తుంది, భయపడకండి. మాత్రలు రాస్తున్నాను. నడవాలి. మూడు నెలల తర్వాత ఇంకో పరీక్ష ఉంటుంది, అది మూడు నెలల సగటు చెబుతుంది."

"సగటా? అంటే ముందురోజు కడుపు మాడ్చుకుని వచ్చి మోసం చెయ్యడం కుదరదన్నమాట."

"కుదరదు."

"ఎవడు కనిపెట్టాడో, మంచి వ్యాపారి అయ్యుంటాడు."

డాక్టరమ్మ కూతురి వైపు తిరిగింది. "మీకు కడుపుతో ఉన్నప్పుడు షుగరొచ్చింది కాబట్టి, వీలైనన్నాళ్లు పాలివ్వడం మీకూ మంచిదే. చాలకపోతే పైపాలు పట్టండి. దానికి ఏడవక్కర్లేదు. కానీ ఎన్నాళ్లిచ్చినా సరే, ఏడాదికోసారి రక్తం చూపించుకోవాల్సిందే. మీ అమ్మగారి పచ్చ చీటీ చూశారుగా."

బయట చెట్టు నీడన బల్ల ఉంటే కూర్చున్నారు. కూతురు మొహం పక్కకు తిప్పుకుని బిడ్డకు పాలు పట్టింది. అటు తిరిగే అడిగింది.

"పదిహేను రోజులకే ఎందుకు మానేశావు?"

"బడి యూనిఫారాల రోజులు. ఊళ్లో టైలర్లందరికీ తెల్లగుండీలు కావాలి. ఆ ఒక్క నెలలో సంపాదించిందే ఏడాదంతా తినాలి. నిన్ను మీ నాయనమ్మ దగ్గర వదిలి వచ్చేశాను. పాలు ఆగాలని రొమ్ములకి లైనింగ్ గుడ్డ బిగించి కట్టుకున్నాను."

"మంచి గుడ్డేనా?"

"కాదు. ఎవరూ కొనని ఆకుపచ్చ తాను ఒకటి ఉండేది, దాంట్లోంచి చింపాను."

కూతురికి నవ్వొచ్చింది. నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. "నొప్పెయ్యలేదా?"

"ఎందుకెయ్యదు? రాళ్లు కట్టుకున్నట్టుండేది. బల్ల అవతల జనం వరుసగా ఉన్నారు. ఖాళీ అయ్యాక ఏడుద్దామనుకున్నాను. ఖాళీ అవలేదు."

"మరి రెండేళ్లని ఎందుకన్నావు?"

"నీకు మూడో ఏడు నడుస్తుండగా ఎవరో అడిగారు. రెండేళ్లన్నాను, ఎలాగూ సగానికి లాగుతారు కదా అని. ఎవరూ లాగలేదు. నోరెళ్లబెట్టి మెచ్చుకున్నారు. ధర నిలబడిపోయింది. నిలబడ్డ ధరని ఎవరైనా తగ్గిస్తారటే?"

కూతురు ఇటు తిరిగింది. ఏడ్చినట్టు లేదు. గుండీలమ్మ ఆ చూపును గుర్తుపట్టింది. తాను పాతికేళ్లుగా బల్ల ఇవతల నుంచి చూసే చూపే అది. ఎదుటివాడు సరుకు కొన్న అసలు ధర తెలిసిపోయినవాడి చూపు.

"మూలకొట్టు తీసుకుందాం" అంది కూతురు. "కాయితంలో నా పేరు ముందుండాలి. దాని గల్లా పెట్టె నాది. మాత్రలు నా ఎదురుగా వేసుకోవాలి. పొద్దున్న షట్టర్లు తియ్యకముందు బజారు చుట్టూ నడవాలి. టీలో చక్కెర ఉండదు."

"ఒక చెంచా."

"ఉండదు."

"అర చెంచా. నువ్వూ వ్యాపారస్తురాలివే కదా, కాస్త దిగాలి."

"ఉండదమ్మా. ఇంకోటి, ఇక ఈ జన్మలో పాల మాట ఎత్తకూడదు. పదిహేను రోజులకి చెయ్యాల్సిన చాకిరీ ఎప్పుడో అయిపోయింది."

గుండీలమ్మ లోపల లెక్క వేసుకుంది. ఎదుటి మనిషి చేతిలో తన కొన్న ధర ఉంది, బిడ్డ ఉన్నాడు, సంతకం ఉంది. తన చేతిలో ఉన్నది నలుపూ నీలమూ తెలియని రెండు కళ్లు. ఇలాంటి చోట బేరమాడేవాడు మూర్ఖుడు. పైగా కోపంలో కూడా ఒక్క షరతు వదలకుండా అడిగిన తీరు చూస్తే ముచ్చటేసింది. ఇంతకన్నా బాగా తానైనా అడగలేదు.

"సరే" అంది.

కూతురు అనుమానంగా చూసింది. "సరే అంటే? మొదటి మాటకేనా?"

"మొదటి మాటకే. లే, చెప్పుల కొట్టువాడు తాతకి ఈపాటికి టీ ఇప్పించి ఉంటాడు."

టీ ఇప్పించడమే కాదు, కొత్త చెప్పుల జత కూడా కొలిపించాడు. అయినా తాత మాట మీద నిలబడ్డాడు. సంతకాలు శుక్రవారమే అయ్యాయి, చెప్పులు కూడా తాత కాళ్లకే ఉన్నాయి.

మూడు నెలలు గడిచాక లెక్క చూసుకుంటే ఇలా తేలింది. పోయినవి: టీలో చక్కెర, మధ్యాహ్నపు కునుకు, రొమ్ము గుద్దడం గురించిన సామెత, పెద్ద కొట్టుకు యజమానురాలినని చెప్పుకునే ముచ్చట. ఆవిర్లు తగ్గలేదు, పెరగలేదు. వాటి దారిన అవి ఉన్నాయి. వచ్చినవి: సగటు పరీక్షలో అంకె బాగా దిగింది, డాక్టరమ్మ ఇంకొంచెం దిగాలంది, గుండీలమ్మ బేరమాడలేదు. ఎదుటి కొట్టు టైలరు జాకెట్టుకు కలిపిన నాలుగు వేళ్లలో రెండు వెనక్కి తీసేసి, "ముక్క మిగిలింది, నాకే" అంది. కోట్ల టైలరుకు నల్లవి నల్లగానే వెళ్లాయి. మూలకొట్టులో రెండు రోడ్ల గిరాకీ, బల్ల మీద కూతురి మోచేతులు, బల్ల కింద చంటివాడి ఉయ్యాల. వాడు ఎన్నాళ్లు పాలు తాగాడని ఎవరైనా అడిగితే కూతురు ఉన్న అంకె చెబుతోంది, సందులో జనం దాన్ని సగానికి తగ్గించుకుని వెళ్లిపోతున్నారు. పాతికేళ్ల వ్యాపారంలో గుండీలమ్మ కొన్న ధర తెలిశాక కూడా ఎదుట నిలబడ్డ గిరాకీ ఒక్కటే మిగిలింది, అదీ రోజూ పొద్దున్నే చంటివాణ్ణి చంకనేసుకుని వచ్చి, మాత్ర అరచేతిలో పెట్టి, మింగేదాకా కదలకుండా చూస్తోంది. మొత్తం మీద లాభమే.